లిల్లీ దుంపలు తవ్వుకుపోతున్నది పందికొక్కా, ఏదుపందా, ఉడుతా? ఒక్కోదానికి ఏ కాపలా?

పెరటిమడి:

అందరికీ నమస్కారం. మొయినాబాద్ దగ్గర ఎర్ర చెలక నేల. ఇంటి వెనక 8 అడుగుల పొడవున్న మళ్లు మూడు, వాటికి ఆనుకుని 20 గుంటల చెలక. రెండింటిలోనూ లిల్లీ (నేల సంపంగి), ప్రజ్వల్ రకం దుంపలు పెట్టి 12 రోజులైంది. మిద్దె మీద కుండీల్లో గ్లాడియోలస్, వాన లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ ఉన్నాయి.

మూడు చోట్లా మూడు రకాల నష్టం. పెరటి మళ్లలో మొలకలు నిలబడే ఉంటాయి, రెండో రోజుకు వాడిపోతాయి, పట్టి లాగితే కింద దుంప లేకుండా ఊడి చేతికొస్తున్నాయి. చెలకలో జానెడు లోతు గుంటలు, పక్కన ఆకులు పారేసి ఉన్నాయి. మిద్దె మీద పట్టపగలే గ్లాడియోలస్ కుండీల్లో మన్ను చిమ్మి ఉంటోంది, వాన లిల్లీ జోలికి మాత్రం ఏదీ పోలేదు.

దుంపల కింద ఎముకల పొడి వేశాను, వారానికోసారి చేపల ద్రావణం పోస్తున్నాను. కారప్పొడి చల్లడం, నాఫ్తలీన్ ఉండలు పెట్టడం, మళ్ల మీద కోళ్ల జాలీ పరచడం అయ్యాయి. లాభం లేదు. ఇంట్లో కుక్క, చిన్న పిల్లలు ఉన్నారు. మందు పెట్టొచ్చా? జాలీ అయితే ఏది, ఎంత కొనాలి? చెలకకు సోలార్ కంచె తప్పదా?

ఎర్రచెలక:

మూడు చోట్లా దొంగలు వేరు. దొంగ ఎవరో తేల్చకుండా జాలీ కొంటే డబ్బు దండగ. కింద నుంచి వచ్చేదానికి పైన జాలీ, పై నుంచి వచ్చేదానికి కింద జాలీ వేసి ప్రయోజనం ఏముంది? మీ కోళ్ల జాలీ పని చేయకపోవడానికి కారణం అదే.

పెరటి మళ్లది పందికొక్కు లేదా పొలం ఎలుక. సొరంగం తవ్వుకుంటూ దుంప కిందికి వచ్చి, అక్కడి నుంచే కొరికి లాక్కుపోతుంది. అందుకే మొలక నిలబడే ఉంటుంది. చుట్టుపక్కల గోడ వెంబడి, కంపోస్టు గుంట దగ్గర, సిమెంటు బండల కింద వెతకండి. మెత్తగా జల్లించినట్టున్న మన్ను కుప్పగా పోసి ఉంటే ఆ కుప్ప కింద బొరియ ఉన్నట్టే. పొలం ఎలుక చాలాసార్లు బొరియ మూతిని లోపలి నుంచి మన్నుతో మూసేస్తుంది కాబట్టి కన్నం కనిపించలేదని నమ్మకండి. తిన్నదాని కంటే దాచుకున్నదే ఎక్కువ ఉంటుంది, బొరియ తవ్వితే మీ దుంపలు కొన్ని వరసగా పేర్చి దొరకొచ్చు.

చెలకలోది నూటికి తొంభై పాళ్లు ఏదుపంది. పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా గరాటులాంటి గుంట తవ్వి, దుంప తిని, ఆకు అక్కడే వదిలేస్తుంది. సగం కొరికిన దుంప దొరికితే చూడండి, పక్కపక్కన రెండు వెడల్పాటి పళ్ల గాట్లు ఉలితో చెక్కినట్టు ఉంటాయి. గట్టు మీద ముల్లు రాలినా, ఖర్జూర గింజల్లా పొడుగ్గా ఉన్న పెంటికలు కనిపించినా ఇక అనుమానం లేదు. అదే అడవి పంది అయితే గుంటలుండవు. సాలు సాలంతా నాగలి పెట్టినట్టు లేచిపోయి ఉంటుంది, గిట్టల జాడ రెండు చీలికలుగా పడుతుంది.

మిద్దె మీదది ఉడుత. పగటి పూట, రెండు వేళ్ల లోతు, ఎక్కువగా కొత్తగా గుల్ల చేసిన మన్నులోనే. దుంప తినడం కంటే తన గింజలు దాచుకోవడానికి తవ్వడమే ఎక్కువ, దారిలో దుంప అడ్డొస్తే కొరికి బయట పడేస్తుంది. వాన లిల్లీ జోలికి పోకపోవడం కూడా మామూలే. వాన లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ, అమరిల్లిస్, విషముంగిలి, స్పైడర్ లిల్లీ అన్నీ ఒకే కుటుంబం. దుంపలో లైకోరిన్ అనే చేదు విషం ఉంటుంది, తింటే వాంతులు. లిల్లీ, గ్లాడియోలస్, డాలియా, మెట్టతామర దుంపలకు ఆ రక్షణ లేదు. పిండి నిండిన కూరగడ్డలతో సమానం.

దుంపలు మాయం కాకుండా చెల్లాచెదురుగా పడి ఉంటే అది తినే జంతువు కాదు. ముంగిస, పునుగు పిల్లి, జెముడుకాకి మన్నులో ఉన్న వేరుపురుగు కోసం తవ్వుతాయి. అప్పుడు మందు వేయాల్సింది పురుగుకు. ఇంకోటి, లాగితే ఊడి వచ్చిన మొలక అడుగు మెత్తగా, కంపు కొడుతూ, చుట్టూ తెల్లని బూజు దారాలు, ఆవగింజల్లాంటి ఉండలు కనిపిస్తే ఏ జంతువూ రాలేదు, అది కుళ్లు తెగులు. పళ్ల గాటు ఉందా, కుళ్లు ఉందా అన్నది ముందు చూడాలి.

తేల్చుకోవడానికి సులువైన పద్ధతి: సాయంత్రం నీళ్లు పెట్టడం ఆపి, మడి చుట్టూ అడుగు వెడల్పున రాతి ముగ్గు సన్నగా చల్లండి. బియ్యప్పిండి వద్దు, దాని కోసమే ఎలుకలు వస్తాయి. తెల్లవారి ఎండ ఎక్కకముందే అడుగులు చూడండి. ముగ్గు చెదరకుండా మొక్క మాత్రం వాడితే దాడి కింద నుంచి జరిగినట్టు.

ఎముకల పొడి, చేపల ద్రావణం ఈ రోజే ఆపండి. పందికొక్కును, కుక్కను, ముంగిసను మడి దగ్గరికి పిలిచేది ఆ వాసనే. వేప చెక్క వాడుకోండి. వాసన మాటెలా ఉన్నా ఎరువుగానైనా పనికొస్తుంది. ఆముదపు చెక్క మాత్రం కుక్క ఉన్న ఇంట్లో అస్సలు వద్దు. కుక్కలు ఇష్టంగా తింటాయి, అందులోని రైసిన్ ప్రాణం తీస్తుంది.

పెరటిమడి:

ముగ్గు చల్లి చూశాను. మళ్ల దగ్గర ముగ్గు చెక్కు చెదరలేదు, రెండు మొక్కలు వాడాయి. కంపోస్టు గుంట వెనక మన్ను కుప్పలు నాలుగు. చెలకలో మడమ ఆనిన వెడల్పాటి అడుగులు, గట్టు మీద నలుపు తెలుపు ముల్లు ఒకటి. మీరు చెప్పినట్టే ఉంది అన్నా. ఇక జాలీ సంగతి ఎవరైనా కొలతలతో చెప్పండి.

జాలీపని:

పెరటి మళ్లకు ఒకటే దారి, అడుగు మూసిన జాలీ తొట్టె. చుట్టూ మాత్రమే జాలీ పాతితే రెండడుగుల లోతుకు పోవాలి, అప్పుడు కూడా పందికొక్కు కింద నుంచి దూరి రావచ్చు. అడుగు మూసేస్తే అడుగు లోతు చాలు.

కొనాల్సింది అర అంగుళం కన్ను ఉన్న జీఐ (జింకు పూత పూసిన ఇనుము) వెల్డ్ మెష్, తీగ మందం 19 లేదా 20 గేజ్, 4 అడుగుల వెడల్పు చుట్ట. ముప్పావు అంగుళం కన్నులోంచి పిల్ల ఎలుకలు దూరతాయి, దూరాక లోపలే పెరుగుతాయి. ఆరు మూలల కోళ్ల జాలీ వద్దు, ఆ తీగ సన్నం, మెలితిప్పిన చోట కొరికితే వరసగా విడిపోతుంది. ప్లాస్టిక్ జాలీ, కూరగాయల ప్లాస్టిక్ క్రేటు పందికొక్కు పళ్ల ముందు ఒక్క రాత్రి కూడా ఆగవు.

కొలత ఇలా. 4 అడుగుల వెడల్పును మూడుగా విడగొట్టండి: మధ్యలో 18 అంగుళాలు అడుగు భాగం, అటూ ఇటూ 15 అంగుళాలు గోడలు. పొడవు వైపు కూడా రెండు చివర్లా 15 అంగుళాలు గోడకు పోతుంది కాబట్టి 8 అడుగుల మడికి పదిన్నర అడుగుల ముక్క కత్తిరించాలి. నాలుగు మూలల్లో 15 అంగుళాల దాకా ఒక్క చీలిక చాలు, చతురస్రం కోసి పారేయొద్దు. ఆ రెక్కను పక్క గోడ మీదికి మడిచి జీఐ తీగతో జానెడుకో ముడి వేస్తే మూల రెండు పొరలవుతుంది. లేకపోతే మొదట తెగేది మూలే. మూడు మళ్లకు 31 అడుగులన్నర పడుతుంది. 50 అడుగుల చుట్ట తెస్తే కుండీలకు కూడా మిగులుతుంది. మడవడానికి నేల మీద చెక్క దిమ్మె పెట్టి, దాని అంచు వెంట కాలితో తొక్కాలి. చేత్తో వంచితే అతుకులు ఊడతాయి.

మడి మన్ను 12 అంగుళాల లోతుకు తీసి తొట్టెను దింపండి. 3 అంగుళాల గోడ నేల పైకి నిలబడాలి, అది పైన నడిచి వచ్చే ఎలుకకు అడ్డం. తీసిన మన్నులో పాత బొరియ ముక్కలు, దాచిన దుంపలు ఏరేసి, పశువుల ఎరువు కలిపి తిరిగి నింపండి. గోడకు బయట వైపు ఖాళీ వదలకుండా గడ్డపార మొనతో కూరాలి. ఖాళీ వదిలితే అదే కొత్త సొరంగం. దుంపలు రెండు వరసలు, వరసల మధ్య 25 సెంటీమీటర్లు, దుంపకు దుంపకు 20 సెంటీమీటర్లు, పైన 4 నుంచి 5 సెంటీమీటర్ల మన్ను. ఒక మడికి 24 దుంపలు వస్తాయి. వేళ్లు అర అంగుళం కన్నులోంచి కిందికి సులభంగా దిగుతాయి, దానికి బెంగ లేదు. మూడేళ్లకు దుంపలు తవ్వేటప్పుడు పార వాడకండి, జాలీ చిరుగుతుంది. చేతి గునపంతో చాలు. చౌడు నేలలో జాలీ త్వరగా తుప్పు పడుతుంది, ఎర్ర చెలకలో ఒక పంట కాలం దాటి ఇంకోదానికి కూడా వస్తుంది.

ఇంకో చవక దారి, బావి ఒరల్లాంటి సిమెంటు ఒరలు. 3 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ఒరను ముప్పాతిక భాగం నేలలో దింపి, కింద మాత్రం అదే జాలీని గుండ్రంగా కోసి పరచండి. జాలీ ఒర అంచుకు 6 అంగుళాలు బయటికి రావాలి, ఒర బరువే దాన్ని నొక్కి పడుతుంది. మూలలు లేవు, ముడులు లేవు.

కుండీలకు సంగతి వేరు, అక్కడ దొంగ పై నుంచి వస్తుంది. 1 అంగుళం కన్ను జాలీ గుండ్రంగా కోసి, మన్ను మీద పరచి, తీగను యూ ఆకారంలో వంచి నాలుగు చోట్ల గుచ్చండి. పైన అర అంగుళం మన్ను కప్పితే కనపడదు. గ్లాడియోలస్ ఆకు ఆ కన్నులోంచి కత్తిలా వచ్చేస్తుంది. ఫుట్‌బాల్ లిల్లీ కాడ లావు, దానికి 2 అంగుళాల కన్ను కావాలి, లేదా మొలక రెండంగుళాలు రాగానే జాలీ తీసేయాలి. మరిచిపోతే తీగ కాడలోకి కోసుకుపోతుంది. ఎక్కువ మంది చేసే తప్పు ఇదే.

నల్లరేగడి:

ఇంత జాలీ పని ఎందుకండీ, చుట్టూ బంతి, వెల్లుల్లి నాటితే ఆ వాసనకే రావు కదా? మిద్దె మీద అల్ట్రాసోనిక్ యంత్రం పెడితే సరి.

ఎర్రచెలక:

రావని చెప్పుకుంటారు, వస్తాయి. బంతి వేళ్లు నేలలో నులిపురుగులకు పనికొస్తాయి, పందికొక్కుకు కాదు. వెల్లుల్లి పక్కనే లిల్లీ దుంప తిన్న బొరియలు ఎన్నో కనిపిస్తాయి. కారం, నాఫ్తలీన్, ఫినాయిలు లాంటివి తడికో, ఎండకో నాలుగు రోజుల్లో పోతాయి, ఈలోగా ఎలుకకు ఆ వాసన అలవాటవుతుంది. యంత్రం శబ్దం గోడను, మన్నును దాటి బొరియలోకి పోదు. ఆ డబ్బుతో జాలీ ఒక మడికి వస్తుంది.

ఉడుతకు మాత్రం చిన్న చిట్కా ఉంది. దుంప పెట్టాక కుండీ మన్ను మీద 20 ఎంఎం కంకర రెండంగుళాల పొర వేయండి, తవ్వబుద్ధి కాదు. ఎండాకాలమైతే గోడ మీద నీళ్ల మూకుడు పెట్టండి. డ్రిప్పు పైపులు కొరకడం, దుంపలు కొరకడం సగం దాహం కోసమే.

బొరియలపని:

మందు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. కుక్క, పిల్లలు తిరిగే పెరట్లో జింక్ ఫాస్ఫైడ్ వద్దే వద్దు. కడుపులోకి పోతే ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది, దానికి విరుగుడు మందు లేదు. పైగా మొదటి రోజు కొన్ని చచ్చాక మిగతావి ఆ ఎర ముట్టవు, బెదురు పడతాయి. ఊరికి దూరంగా చేనులో, బొరియ లోపలే వాడుకునే మందు అది.

ముందు బతికున్న బొరియలు ఎన్నో లెక్క తేల్చండి. సాయంత్రం కన్నాలన్నీ మన్నుతో మూసి తొక్కండి. తెల్లవారి తెరుచుకున్నవే బతికున్నవి. మీ నాలుగు కుప్పల్లో ఒకటో రెండో తేలతాయి. వాటి మీదే పని చేయాలి, కనిపించిన ప్రతి కన్నంలో పెట్టుకుంటూ పోతే మందు దండగ, ప్రమాదం ఎక్కువ.

పెరట్లో మొదట బోను. చెక్క బోను, ఇనుప బోను ఏదైనా సరే, గోడ వెంబడి, నోరు ఎలుక నడిచి వచ్చే దారికి ఎదురుగా ఉండేలా పెట్టాలి. ఎలుక జాతి బయలు ప్రదేశంలో నడవదు, గోడను ఆనుకునే పోతుంది. మొదటి రెండు రాత్రులు బోను తలుపు కట్టేసి ఎర మాత్రం పెట్టండి. మూడో రాత్రి తలుపు విప్పండి. ఎరగా కాల్చిన కొబ్బరి ముక్క, ఎండు చేప తల బాగా పనిచేస్తాయి. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, వానాకాలం ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది.

చెలక గట్టు బొరియలకు మందే కావాలంటే బ్రోమాడయోలోన్. 0.25 శాతం పొడి 20 గ్రాములు, వంట నూనె 20 గ్రాములు, బియ్యపు నూకలు 960 గ్రాములు. నూనె నూకలకు పట్టించాక పొడి వేసి కర్రతో కలపాలి. కాగితం పొట్లాల్లో 15 గ్రాముల చొప్పున కట్టి, బతికున్న బొరియలోకి మూరెడు లోపలికి తోసి, మూతి ఆకుతో కప్పాలి. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసి నాలుగైదు రోజుల మీద చంపుతుంది, అందుకే ఎలుకకు ఎర మీద అనుమానం రాదు. పది రోజుల తరవాత మళ్లీ బొరియలు మూసి చూసి, తెరుచుకున్న వాటిలో రెండో విడత. చచ్చిన ఎలుకలు ఏరి రెండడుగుల లోతున పాతాలి. లేకపోతే గుడ్లగూబ, పిల్లి తిని అవీ పోతాయి, వచ్చే ఏడు మీ ఎలుకలను పట్టేవాళ్లుండరు. కుక్క పొరపాటున తింటే ఇంటి వైద్యం చేయకుండా మందు పొట్లం పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పోండి, దీనికి విటమిన్ కె1 విరుగుడుగా ఉంది.

కంపోస్టు గుంట కింద, చుట్టూ అదే అర అంగుళం జాలీ వేయకపోతే ఇదంతా ఏటా చేయాల్సిందే. పందికొక్కు ఇల్లు కట్టింది అక్కడ, మీ లిల్లీ మడి దానికి వంటిల్లు.

చేనుగట్టు:

20 గుంటల చెలక సంగతి. ఏదుపందిని చంపడం, ఉచ్చు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇంటి కరెంటు తీగ లాగడం గురించి ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రాత్రి చేనుకు పోయిన మనిషి పోతాడు, కేసు మీ మీద పడుతుంది. ఫోరేట్ గుళికల పొట్లాలు కట్టే పాత పద్ధతి కూడా చెబుతారు. ఆ మందు 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం.

చతురస్రంగా ఉంటే అర ఎకరం చుట్టుకొలత 180 మీటర్లు. ఒక్క ఏదుపందే అయితే సోలార్ కంచె కంటే చైన్‌లింక్ జాలీ నమ్మకం. ఏదుపంది ఎగరదు, ఎక్కడం చేతకాదు, కానీ తవ్వుతుంది, కొరుకుతుంది. 4 అడుగుల ఎత్తు జాలీ, 2 అంగుళాల కన్ను, 2.5 ఎంఎం తీగకు తగ్గకూడదు. అందులో 2 అడుగులన్నర పైన, మిగతా అడుగున్నరలో 6 అంగుళాలు నిలువుగా నేలలోకి, చివరి అడుగు చేను బయటి వైపుకు అడ్డంగా పరచి మన్ను కప్పాలి. కంచె మొదట్లో తవ్వబోయే జంతువుకు ఆ పరిచిన జాలీ కాళ్ల కింద తగులుతుంది, వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. లోపలి వైపు పరిస్తే దండగ. గేటు కింద రెండంగుళాలకు మించి సందు ఉండకూడదు, అక్కడ షాబాదు బండ ఒకటి పాతండి. మంచి కంచె అంతా వేసి గేటు కింద జానెడు సందు వదిలేసిన చేలే ఎక్కువ.

అడవి పందులు కూడా తిరిగే చోటైతే సోలార్ కంచె. తీగలు నాలుగు, నేల నుంచి 10, 25, 45, 75 సెంటీమీటర్ల ఎత్తున, 5 మీటర్లకో గుంజ. తీగ 720 మీటర్లు, గుంజలు 36, మూలల్లో ఊతాలు అదనం. మొదటి తీగ అంత కింద ఎందుకంటే ఏదుపందికి ఒంటి మీది ముళ్లకు షాక్ తగలదు, ముక్కుకు తగలాలి. ముక్కు నేల మీదే ఉంటుంది. 25 దగ్గర మొదలుపెట్టే కంచెల కిందనుంచి అది హాయిగా పోతుంది.

సోలార్ కంచె పనిచేయలేదని వదిలేసే వాళ్లలో ఎక్కువ మంది దగ్గర తప్పు రెండు చోట్లే. ఒకటి ఎర్తు. మీటరు లోతు జీఐ కడ్డీలు మూడు, రెండేసి మీటర్ల దూరంలో దింపి కలపాలి, వేసవిలో ఆ చోట వారానికి రెండు సార్లు నీళ్లు పోయాలి. ఎర్ర చెలక ఎండితే కరెంటు తిరిగి రాదు, జంతువుకు షాక్ కొట్టదు. రెండోది కలుపు. 10 సెంటీమీటర్ల తీగకు గరిక తాకితే వోల్టేజీ నేలలోకి కారిపోతుంది. కంచె కింద అడుగు వెడల్పు ఎప్పుడూ నున్నగా చెక్కి ఉండాలి. టెస్టరు పెట్టి కంచె చివర 4,000 వోల్టులకు తగ్గకుండా చూసుకోండి. ఎనర్జైజరు (కంచె తీగకు షాక్ పంపే యంత్రం) కొట్టేది సెకనుకో దెబ్బ, అదీ సెకనులో వెయ్యో వంతు సేపు, అందుకే మనిషి చావడు. అలాంటి యంత్రం కాకుండా బ్యాటరీకి ఇన్వర్టరు పెట్టి తీగకు కలిపే వాళ్లున్నారు, అది కూడా ఇంటి కరెంటు తీగతో సమానమే.

కంచె వచ్చేదాకా తాత్కాలికంగా కోడిగుడ్డు ద్రావణం వాడొచ్చు. లీటరు నీటికి 20 మిల్లీలీటర్ల గుడ్డు సొన కలిపి చేను చుట్టూ అడుగు వెడల్పున పిచికారీ చేస్తే వారం, పది రోజులు అడవి పంది వెనకాడుతుంది. వాన పడితే మళ్లీ కొట్టాలి. పాత చీరలు కడితే మొదటి పక్షం బాగానే ఉంటుంది, తరవాత వాటి కిందే నడుస్తాయి.

అడుగులు పడిన చోటు గుర్తు పెట్టుకోండి. ఏదుపంది రోజూ ఒకే దారిన వస్తుంది. డబ్బు చాలకపోతే ఆ గట్టు వైపు కంచె ముందు వేసి, మిగతా మూడు వైపులా తరవాత చూసుకోవచ్చు. చుట్టు తిరిగి రావడం నేర్చుకోవడానికి దానికి కొన్నాళ్లు పడుతుంది.

తులిప్‌తోట:

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ మన వాళ్లు అక్టోబరు, నవంబరులో తులిప్ దుంపలు పెట్టి ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు, వాళ్లకు కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడి బూడిద ఉడుత, చిప్‌మంక్ (చారల చిన్న ఉడుత) పై నుంచి తవ్వుతాయి. తులిప్‌ను 8 అంగుళాల లోతున పెట్టండి, 4 అంగుళాల లోతు దానికి ఆట. దుంప మీద ఊడే గోధుమ రంగు పొట్టు మడి మీద ఒక్కటి కూడా మిగలనివ్వకండి, ఆ వాసన పట్టుకునే వస్తాయి. నాటిన రోజే మడి మీద 1 అంగుళం జాలీ పరచి అంచులకు ఇటుకలు పెట్టి, నేల గట్టిపడ్డాక తీసేయొచ్చు. ఎముకల పొడి సంగతి ఇక్కడా అంతే.

కింద నుంచి తినేది వోల్, చుంచెలుకంత ఉంటుంది. దానికి జాలీపని గారు చెప్పిన తొట్టే మందు, కాకపోతే కన్ను పావు అంగుళం ఉంటే ఇంకా మంచిది. మోల్ అనే ఇంకో చిన్న జంతువు నేలలో తవ్విన గీతలు చూసి దాని మీద పడతారు. మోల్ తినేది వానపాములు, పురుగులే. అది వేసిన సొరంగంలో వోల్ నడిచి దుంప తింటుంది.

జింకలకు నేల కింద పని లేదు, మొగ్గ రాగానే పైది పైనే కత్తిరించేస్తాయి. 8 అడుగుల కంచె పెట్టలేని వాళ్లు తులిప్‌లు మానేసి డాఫోడిల్ పెట్టుకోవడం సుఖం. పైన చెప్పిన లైకోరిన్ అందులోనూ ఉంది, ఉడుత, వోల్, జింక మూడూ ముట్టవు. డాఫోడిల్ గుంపు మధ్యలో తులిప్‌లు దాస్తే కొన్ని బతుకుతాయి, అన్నీ కాదు.

పెరటిమడి:

బోనులో మూడో రాత్రికి పెద్ద పందికొక్కు పడింది. 50 అడుగుల చుట్ట తెచ్చి రెండు తొట్టెలు దింపాము. చివరిగా ఒకటి. మిగిలిన దుంపలు దాదాపు 15 కిలోలు స్టోరు గదిలో గోనె సంచిలో ఉన్నాయి. వాటికీ ఎలుక భయం ఉందా?

జాలీపని:

గోనె సంచి అంటే ఎలుకకు పళ్లెంలో పెట్టినట్టే. అలాగని మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పోయకండి, గాలి ఆడక ఉక్కకు కుళ్లిపోతాయి.

నీడలో పరచి, అంటిన మన్ను రాలిపోయేలా ఆరనివ్వండి. కుళ్లినవి, గాట్లు పడ్డవి ఏరేయండి, వాటి వాసనకే మిగతా వాటి జాడ తెలుస్తుంది. తరవాత ఉల్లిగడ్డల నైలాన్ సంచుల్లో 3 కిలోల చొప్పున నింపి దూలానికి తీగతో వేలాడదీయండి, గోడకు రెండడుగుల దూరంలో. తీగ మధ్యలో అడుగు వెడల్పు రేకు బిళ్లకు కన్నం పెట్టి, వాలుగా వేలాడేలా దూర్చండి, పై నుంచి దిగే ఎలుక దాని మీద జారిపోతుంది. దూలం లేని గదైతే పాత ఇనుప డ్రమ్ములో సగం దాకా పోసి, మూతికి మీ దగ్గర మిగిలిన అర అంగుళం జాలీ కట్టండి. మూడు రోజులకోసారి చేత్తో తిరగేయాలి. నెల, నెలన్నరకు మించి ఉంచకుండా నాటేయండి. మూడో తొట్టె ఇంకా దింపలేదు కదా, ఈ వారమే దింపితే 24 దుంపలు అందులోకి పోతాయి.